భుజం మీద చెయ్యి

అది 2017 మే నెల. విజయవాడ గవర్నర్‌పేటలో నేను పనిచేసే ఫోటో షాపు మూతపడటానికి ఇంకా నాలుగు రోజులే మిగిలాయి. షాపు పేరు ఇక్కడ రాయను. బెజవాడలో నలభై దాటినవాళ్ళకి చెప్పక్కర్లేదు, నలభై లోపు వాళ్ళకి చెప్పినా తెలియదు. ఒకప్పుడు మావి ఏడు షాపులు. బెజవాడలో రెండు, కంకిపాడు, ఉయ్యూరు, చల్లపల్లి, గుడివాడ, బందరుల్లో ఒక్కొక్కటి. కెమెరాలూ రీళ్ళూ అమ్మేవాళ్ళం, స్టూడియోలో ఫోటోలు తీసేవాళ్ళం, కడిగి ప్రింట్లు వేసి ఇచ్చేవాళ్ళం. పెళ్ళిళ్ళ రోజుల్లో మా కౌంటర్ దగ్గర జనం కిరసనాయిలు క్యూలో నిలబడ్డట్టు నిలబడేవాళ్ళు.

నా పేరు సుగుణ. ఇంటర్ అయ్యాక 1991లో ఈ కంపెనీలో నెగటివ్ కట్టర్‌గా చేరాను. పేరు ఘనంగా ఉంటుందిగానీ పని కత్తెర పనే. ఏడు షాపుల రీళ్ళూ కడగడానికి మా దగ్గరికే వచ్చేవి, నెగటివ్‌లు ఇక్కడి గోడౌన్లోనే ఉండేవి. కడిగిన రీలుని నాలుగేసి ఫ్రేముల ముక్కలుగా కత్తిరించి, స్లీవ్‌లో, అంటే పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాని మీద ఏ ఫ్రేము ప్రింటు వెయ్యాలో, ఎంత సైజులో వెయ్యాలో, ఎక్కడ కొయ్యాలో రాసి మెషీన్ దగ్గరికి పంపాలి. తర్వాత తర్వాత నెగటివ్ సెక్షన్ మొత్తానికి ఇన్‌ఛార్జినయ్యాను. నాకు నోరు ఎక్కువని షాపులో అందరూ అనేవారు. కాదనను. నెగటివ్ మీద వేలిముద్ర పడితే యజమానినైనా వదిలిపెట్టేదాన్ని కాదు.

మా యజమాని ప్రసాద్ గారు ఒక్క కెమెరా భుజాన వేసుకుని పెళ్ళిళ్ళకి తిరిగి, ఏడు షాపుల దాకా వచ్చిన మనిషి. ఫోన్లలో కెమెరాలొచ్చాక ఒక్కో షాపూ మూసుకుంటూ వచ్చారు. ముందు చల్లపల్లి, తర్వాత కంకిపాడు, ఆ తర్వాత ఉయ్యూరు. ఏ షాపు మూసినా దాని స్టూడియో పరదా, కుర్చీలు మా గోడౌన్‌కి చేరేవి. చివరికి మా గోడౌన్లో ఆరు పూలతోటలు, నాలుగు జలపాతాలు, రెండు తాజ్‌మహళ్ళు చుట్టలు చుట్టుకుని పడున్నాయి. వాటిని చూసి నవ్వుకునేదాన్ని, మళ్ళీ దుమ్ము దులిపి సర్దేదాన్ని.

"జనం ఫోటోలు మానలేదమ్మా, మన దగ్గరికి రావడం మానేశారు" అనేవారు ప్రసాద్ గారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. అది నాకు మరీ బాధగా ఉండేది. ఎవరినో ఒకర్ని తిట్టుకునే వీలున్నా కొంత తేలికయ్యేది.

గోడౌన్ శుక్రవారం పొద్దున్నకల్లా ఖాళీ చెయ్యాలి. సోమవారం ఒక పాతసామాను వ్యాపారి వచ్చాడు. నెగటివ్‌ల నుంచి వెండి తీస్తారని మీరు వినే ఉంటారు. అది నిజమే, కానీ బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లలోనే. కలర్ నెగటివ్‌ని కడిగేటప్పుడే వెండంతా నీళ్ళలో కలిసిపోతుంది, మిగిలేది రంగూ ప్లాస్టిక్కూ. ఆ వ్యాపారికీ ఈ సంగతి తెలుసు. నేను భోజనానికి వెళ్ళిన గంటలో అరలన్నీ నేల మీదకి దులిపి, నలుపు తెలుపు కట్టలు ఏరుకుని, కలర్‌వి గుట్టగా వదిలేసి పోయాడు. ఇరవై ఆరేళ్ళు సంవత్సరం వారీగా, ఊరి వారీగా సర్దిన సరుకది. తిరిగొచ్చి ఆ గుట్ట చూసి నేనేం అన్నానో ఇక్కడ రాస్తే బాగోదు.

"పోనీలే సుగుణా" అన్నారు ప్రసాద్ గారు. "ఇన్నేళ్ళలో వాటిని ఎవరడిగారు చెప్పు? శుక్రవారం మున్సిపాలిటీ ట్రాక్టర్ వస్తుంది, ఎత్తుకుపోతుంది."

బుధవారం మధ్యాహ్నం రెండింటికి అడిగే మనిషి రానే వచ్చాడు.

ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఉంటాయి. గడ్డం మాసింది. చేతిలో చేనేత సంచి, అందులో పాత దినపత్రికలో చుట్టిన ఫ్రేము. తలుపు మీద 'షాపు మూసివేయబడుచున్నది' అన్న కాగితం చదివి మరీ లోపలికొచ్చాడు.

"చల్లపల్లి కొట్టు నెగటివ్‌లన్నీ ఇక్కడికే తెచ్చారంటండీ. నిజమేనా?"

"షాపే ఎత్తేస్తున్నాం బాబూ. కాగితం చూళ్ళేదా?" అన్నాను విసుగ్గా.

"చూశానండీ. అందుకే భయమేసి లోపలికొచ్చాను."

ఆ మాటతో నా విసుగు కొంత దిగింది. కూర్చోమన్నాను. పేరు మల్లేశ్వరరావు, ఊరు చల్లపల్లి. తాతల నుంచి మగ్గం మీద బతికిన ఇల్లు. ఇప్పుడతను అక్కడే చిన్న చేనేత చీరల కొట్టు నడుపుతున్నాడు. పత్రిక విప్పి ఫోటో నా ముందు పెట్టాడు. ఎడమవైపు కుర్చీలో మీసాలాయన, పక్క కుర్చీలో బక్కపల్చటి భార్య, ఆమె పక్కన నిలబడి ఏడేళ్ళ పిల్లవాడు. వెనక జలపాతం పరదా, మాదే. 1993లో తీసింది.

"ఈ పిల్లోడు నేనేనండీ. నాకు ఈ చెయ్యి ఎవరిదో ఆవిడ కావాలి" అన్నాడు.

అప్పుడు చూశాను. పిల్లవాడి భుజం మీద ఒక చెయ్యి ఉంది. నాలుగు వేళ్ళు, మణికట్టు, రెండు మట్టి గాజులు. అక్కడితో ఫోటో అంచు. చెయ్యి తాలూకు మనిషి లేదు.

"మా మేనత్తండీ. సామ్రాజ్యం. మొన్న గురువారం పోయింది. శనివారం పెద్దకర్మ. పెట్టడానికి ఆవిడ ఫోటో ఒక్కటీ లేదండీ ఇంట్లో."

"ఒక్కటీ లేకపోవడం ఏంటి? కార్డుల మీదన్నా ఉంటుందిగా?"

జేబులోంచి ఆవిడ గుర్తింపు కార్డు తీసి చూపించాడు. పక్షవాతం వచ్చాక మంచం మీంచి మోసుకెళ్ళి తీయించిన ఫోటో. మూతి ఒక పక్కకి లాగేసింది. ఒక కన్ను మూత, ఒక కన్ను బెదురు.

"ఇది పెద్దది చేసి పెడితే వచ్చినోళ్ళు ఎవరిదని అడుగుతారండీ. జబ్బు చేశాక నేను ఫోన్ ఎత్తితే కొంగు కప్పేసుకునేది. నా పెళ్ళి నాటికే మంచంలో ఉంది, ఆల్బంలోనూ లేదు." అతను కార్డు జేబులో పెట్టుకున్నాడు. "మా అమ్మకి ఉబ్బసం. నన్ను ఎత్తుకు తిప్పింది, అన్నం పెట్టింది, బళ్ళో దింపింది అంతా అత్తయ్యే. ఇరవై ఏళ్ళకి మొగుడొదిలేస్తే రేకు పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చిందంట. నా చేత్తోనే తలకొరివి పెట్టానండీ. మొహం చూడకుండా ఆ కర్మ ఎట్టా చేసేది?"

నేను మళ్ళీ ఆ ఫోటో వంక చూశాను. ఆ చెయ్యి అక్కడ ఎందుకు తెగిందో నాకు తెలుసు.

మన వైపు ముగ్గురు కలిసి ఫోటో దిగకూడదంటారు. దిగితే ఒకరికి కీడని నమ్మకం. కానీ మొగుడూ పెళ్ళాం ఒక బిడ్డ ఉన్న ఇల్లంటే ముగ్గురేగా. స్టూడియోలకి దీనికో ఉపాయం ఉండేది. ఇంట్లో మనిషినో పక్కింటి మనిషినో ఒక చివర నిలబెట్టి నలుగురిగా ఫోటో తీసేవాళ్ళు. ప్రింటు వేసేటప్పుడు ఆ నాలుగో మనిషిని కోసేసేవాళ్ళు. దిగింది నలుగురు కాబట్టి కీడు రాదు, గోడ మీద ముగ్గురే కాబట్టి కుటుంబం ముచ్చటగా ఉంటుంది. దేవుడికి కూడా లెక్కలు రావని మా కస్టమర్ల ధీమా. ఇలాంటివి వారానికి పది వచ్చేవి. స్లీవ్ మీద నేను 'R cut' అని రాసేదాన్ని. కుడి పక్క కొయ్యమని అర్థం. ఎడమైతే L. ఎంతమందిని అలా కోశానో నాకే తెలియదు.

ఫోటో వెనక్కి తిప్పాను. మూల పెన్సిల్‌తో 'C 2218 / 14' అని ఉంది. C అంటే చల్లపల్లి, 2218 రీలు నంబరు, 14 ఫ్రేము. కంపెనీ రూలు ప్రకారం నెగటివ్ కస్టమర్‌కి ఇచ్చేవాళ్ళం కాదు, మళ్ళీ ప్రింటు కావాలంటే ఆ నంబరు పట్టుకుని రావాలి. అంటే సామ్రాజ్యం గారు మా దగ్గరే ఉన్నారు. ఆ గుట్టలో ఉన్నారు, శుక్రవారం ట్రాక్టర్ వచ్చేదాకా.

అతన్ని గోడౌన్‌కి తీసుకెళ్ళాను. మోకాలెత్తు గుట్ట చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు పాపం.

"బెదరకు బాబూ, గుర్తులున్నాయి" అన్నాను. నా పద్ధతి ఒకటుంది. బెజవాడ ఎండకి రబ్బరు బ్యాండ్లు కరిగి నెగటివ్‌లకి అంటుకుపోతాయి. అందుకని నేను మొదటి నుంచీ కట్టలకి నూలు దారం కట్టేదాన్ని, ఊరికో రంగు. చల్లపల్లికి ఆకుపచ్చ, ఉయ్యూరుకి పసుపు, బందరుకి ఎరుపు, అలాగ. కట్ట మీద కాగితం చీటీలో సంవత్సరం, నంబర్లు ఉంటాయి. స్లీవ్ మీద మాత్రం ఉత్త నంబరే, ఊరు తెలిసేది దారం రంగుతోనే. వ్యాపారి విసిరిన విసురుకి చీటీలు చాలా వరకు ఊడిపోయాయిగానీ దారాలు ఉన్నాయి.

ఇద్దరం కూర్చున్నాం. ఆకుపచ్చ కట్టలన్నీ ఒక పక్కకి తీసి, ఒక్కొక్కటీ విప్పి, స్లీవ్‌ల మీద నంబర్లు చూశాం. సాయంత్రం ఆరింటికి ఆకుపచ్చవి అయిపోయాయి. 1994 నుంచీ అన్నీ ఉన్నాయి. 93 లేదు, 92 లేదు. ఆ ముందువీ లేవు.

"నలుపు తెలుపు వాటితో కలిసి పోయుంటాయా అండీ?" అన్నాడతను.

నాకూ అదే భయం. పైకి మాత్రం "రేపు పొద్దున్నే రా" అన్నాను. రాత్రికి గాంధీనగర్‌లో వాళ్ళ చుట్టాలింట్లో ఉంటానన్నాడు. నేను ఇంటికెళ్ళానుగానీ అన్నం సయించలేదు.

గురువారం తొమ్మిదింటికి వెళ్ళేసరికి అతను మెట్ల మీద కూర్చునున్నాడు. ప్రసాద్ గారూ వచ్చారు. విషయం చెప్పాను. ఆయన ఆ ఫోటో చేతిలోకి తీసుకుని ఆ చెయ్యి వంక చాలాసేపు చూశారు. తర్వాత తెల్ల చొక్కా చేతులు మడిచి, మాతోబాటు నేల మీద కూర్చున్నారు. ఏడు షాపుల యజమాని, డెబ్భై ఏళ్ళ మనిషి, దుమ్ములో కట్టలు ఏరుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, దుమ్ము పడిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

పసుపు కట్టలు వచ్చినప్పుడల్లా "అవి ఉయ్యూరువి, పక్కన పడెయ్" అంటూనే ఉన్నాను. పదకొండింటికి అనుకుంటా, మల్లేశ్వరరావు ఒక పసుపు కట్టని పక్కన పడెయ్యకుండా కిటికీ వెలుగులో పెట్టి చూడసాగాడు.

"ఇది పసుపు కాదండీ."

"పసుపే. నేనే కట్టాను" అన్నాను కొంచెం గట్టిగానే.

"మీరు పసుపు కట్టి ఉండరండీ. పసుపు నూలు ఎండకి తెల్లబడుద్ది, ఇంత మట్టిరంగు రాదు. ఆకుపచ్చ వెలిస్తే ఇట్టా అవుద్ది. అందులో నీలం ముందు పోద్ది, పసుపు మిగుల్తది. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ చూస్తున్నానండీ. ఉండండి." అంటూ గోటితో దారం ముడి విప్పాడు. ముడి లోపల, ఇరవై ఏళ్ళు వెలుతురు తగలని చోట, అరంగుళం మేర దారం ఆకుపచ్చగా ఉంది. ఇప్పుడే చిగురేసినట్టుంది.

నా నోరు మూయించిన మనుషులు తక్కువ, వాళ్ళలో ఇతనొకడు. పాత సంవత్సరాల కట్టలు కిటికీ పక్క అరలో పెట్టింది నేనే. ఎండ పడి చల్లపల్లి కాస్తా ఉయ్యూరై కూర్చుంది. మేము ఏరేసిన పసుపు కట్టలన్నీ మళ్ళీ ముందుకు లాక్కున్నాం. ఒక్కొక్క ముడీ అతనే విప్పాడు. లోపల పసుపుంటే ఉయ్యూరు, ఆకుపచ్చుంటే చల్లపల్లి. పన్నెండున్నరకి ప్రసాద్ గారి చేతిలో 2218 దొరికింది.

స్లీవ్ మీద నీలం సిరాతో రాసి ఉంది. '14 మాత్రమే. R cut. ముగ్గురే రావాలి.' గుండ్రటి అక్షరాలు, చేరిన కొత్తలోని నా దస్తూరి.

చెప్పకుండా ఊరుకోవచ్చు. అతనికి తెలిసే అవకాశం లేదు. కానీ పొద్దుటి నుంచీ నా పక్కన కూర్చుని ముడులు విప్పిన మనిషి దగ్గర దాచబుద్ధి కాలేదు.

"ఇది నా రాతే బాబూ. మీ అత్తయ్యని కోసింది నేనే."

అతను ఆ అక్షరాల వంక చూసి తల అడ్డంగా ఊపాడు. "మీదేముందండీ ఇందులో. మా నాన్న మీదా కాదు తప్పు. ఫోటో గోడకి పెడితే వచ్చినోళ్ళు ఈవిడెవరని అడుగుతారు. మొగుడొదిలేసిందని చెప్పాలి. అది అత్తయ్యకి పడేది కాదు. స్టూడియోకి వెళ్ళే ముందు ఆవిడే అందంట, 'తమ్ముడూ, నన్ను తీసెయ్యమని చెప్పు' అని. నాన్న మొన్న చెప్పి ఏడ్చాడండీ."

స్లీవ్‌లోంచి ముక్క తీసి లైట్‌బాక్స్ మీద పెట్టాను. అడుగున ట్యూబ్‌లైట్లున్న గాజు బల్ల అది. నెగటివ్‌లో అన్నీ తలకిందులు. నల్ల జుట్టు తెల్లగా, తెల్ల చొక్కా నల్లగా కనిపిస్తాయి. అలవాటు లేనివాళ్ళకి దెయ్యాల్లా ఉంటారు. భూతద్దం పెట్టి పద్నాలుగో ఫ్రేము చూశాను. కుడి చివర నాలుగో మనిషి ఉంది. చెయ్యి పిల్లవాడి భుజం మీదే ఉంది. కానీ తల పూర్తిగా వంచేసుకుంది. కనబడుతున్నది పాపిట ఒక్కటే. ఎలాగూ కోసేస్తారని తెలిసిన మనిషి కెమెరా వంక ఎందుకు చూస్తుంది?

ఈ మాట అతనికి ఎలా చెప్పాలో తెలియలేదు. భూతద్దం తియ్యకుండా అలాగే వంగి ఉండిపోయాను.

"కనబడిందా అండీ?"

"ఉండు" అన్నాను.

అప్పుడు పక్క ఫ్రేము మీదకి కన్ను పోయింది. మా స్టూడియోల్లో ప్రతి గ్రూపుకీ రెండు క్లిక్కులు నొక్కాలని ప్రసాద్ గారి రూలు. మొదటిదాంట్లో ఎవరైనా కళ్ళు మూస్తే రెండోది పనికొస్తుందని. మొదటిది బాగుంటే రెండోది ఎవరూ చూసేవాళ్ళు కాదు. ప్రింటు వేసేవాళ్ళమూ కాదు. నేను 'మాత్రమే' అని రాసేది ఇందుకే. పదిహేనో ఫ్రేములో తండ్రీ తల్లీ అలాగే బిగుసుకుని ఉన్నారు. పిల్లవాడు మాత్రం అయిపోయిందనుకుని పక్కకి తిరిగి, అత్తయ్య మెడకి చెయ్యి వేసి వేలాడుతున్నాడు. ఆ బరువుకి ఆవిడ వంగింది, వంగి తలెత్తింది. మొహం మధ్యలో చిన్న నల్లటి గీత. నెగటివ్‌లో పళ్ళు నల్లగా కనబడతాయి. ఆవిడ నవ్వుతోంది. సూటిగా కెమెరాలోకి చూస్తూ నవ్వుతోంది.

"సార్, మెషీన్లో కెమికల్ ఉందా ఇంకా?" అని అరిచాను.

ప్రింటింగ్ మెషీన్‌ని గుంటూరాయనెవరో కొన్నాడు, మర్నాడొచ్చి విప్పుకుపోతాడు. అదృష్టం కొద్దీ కెమికల్ పారబొయ్యలేదు. ప్రసాద్ గారు ఆపరేటర్‌ని రావద్దనేసి రెండు వారాలైంది. ఆయనే స్టూలు లాక్కుని కూర్చుని మెషీన్ వేడెక్కించారు. నెగటివ్ లోపలికి పంపగానే స్క్రీన్ మీద రంగులు తిరగబడి మనుషులు మనుషులయ్యారు. ఆకుపచ్చ చీర, జరీ లేని ఎర్ర అంచు, పెద్ద బొట్టు, పై పన్ను ఒకటి కొంచెం ముందుకి.

మల్లేశ్వరరావు తెరకి దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. "ఆ పన్ను మర్చిపోయానండీ" అన్నాడు. చేతి సంచితో కళ్ళు తుడుచుకున్నాడు. మేమూ అటు చూడలేదు.

కర్మకి పెట్టే ఫోటోలో పోయినవాళ్ళు ఒక్కరే ఉండాలి. దండ వేస్తారు కాబట్టి పక్కన బతికున్నవాళ్ళు ఉండకూడదు. ఇన్నేళ్ళ అలవాటు ప్రకారం తెర మీద చతురం గీశాను, ఈసారి ఎడమ పక్క కొయ్యడానికి. తండ్రి, తల్లి, పిల్లవాడు తెరలోంచి పోయారు. సామ్రాజ్యం గారు ఒక్కరే మిగిలారు. కానీ ఆవిడ మెడ మీద పిల్లవాడి చెయ్యి ఉండిపోయింది. చిన్న గుప్పెడు, చొక్కా అంచు, అంతే.

"ఆ చెయ్యి తీసేస్తాను, కంప్యూటర్లో రెండు నిమిషాల పని" అన్నాను.

"వద్దండీ."

"బతికున్నవాళ్ళ చెయ్యి బాబూ. దండ వేసే ఫోటోలో ఉండకూడదు."

"కూడనివి చాలా చూశాం లెండి" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ముగ్గురుండకూడదని ఆవిణ్ణి నిలబెట్టారు. నలుగురుండకూడదని ఆవిణ్ణి తీసేశారు. ఆవిడ చెయ్యి నా భుజం మీద ఇరవై నాలుగేళ్ళు గోడకుంది, ఎవరికీ ఏమీ కాలేదు. నాది కూడా ఉండనివ్వండి."

నేను ప్రసాద్ గారి వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండా బటన్ నొక్కేశారు. పన్నెండు పద్దెనిమిది అంగుళాల సైజులో ప్రింటు మెల్లగా బయటికొచ్చింది, ఇంకా వెచ్చగా ఉంది. ఆ తర్వాత చతురం తీసేసి మొత్తం ఫ్రేము, నలుగురూ ఉన్నది, ఇంకో ప్రింటు వేశారు. ఇది వాళ్ళ నాన్నగారికి ఇమ్మన్నారు. మా కంపెనీ మెషీన్ మీద పడ్డ ఆఖరి ప్రింట్లు ఆ రెండే.

నెగటివ్ కూడా అతనికే ఇచ్చేశాను. ఇచ్చే ముందు పెన్ను తీసి స్లీవ్ మీద 'R cut' కొట్టేశాను. 'ముగ్గురే' అన్నదీ కొట్టేశాను. అతను ఆ కవరు రెండు చేతులతో అందుకుని, మమ్మల్ని ఇంటికి రమ్మని పిలిచి, నాలుగింటి బస్సుకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ట్రాక్టర్ వచ్చింది. మిగతా గుట్టంతా ఎత్తుకుపోయింది. ఆపడానికి నా దగ్గర ఉపాయం లేదు, ప్రసాద్ గారి దగ్గరా చోటు లేదు. ఎన్ని వందల మంది నాలుగో మనుషులు ఆ గుట్టలో వెళ్ళిపోయారో ఇప్పటికీ లెక్కేస్తుంటాను. ఒక్కరు దొరికారని సంతోషించాలా, మిగతావాళ్ళని పోగొట్టానని ఏడవాలా అంటే రెండూ చేస్తాను, రోజుని బట్టి. శనివారం ప్రసాద్ గారూ నేనూ చల్లపల్లి వెళ్ళాం. మామిడాకుల పందిరి కింద బల్ల మీద ఆ ఫోటో, దానికి బంతిపూల దండ. దండ జారి చిన్న చెయ్యిని కప్పేస్తుంటే, మల్లేశ్వరరావు నాన్నగారు లేచి వెళ్ళి పక్కకి సర్దారు. కాసేపటికి మళ్ళీ జారితే మళ్ళీ లేచారు. ఆ సాయంత్రం తిరిగొచ్చి షాపు షట్టర్ దించాం.

ఈ సంగతి నాకు ఏం నేర్పిందని అడిగితే సూటిగానే చెబుతాను. ఇరవై ఆరేళ్ళు నేను చేసింది మనుషుల్ని ఎక్కడ కొయ్యాలో రాయడం. చేసినంతకాలం అది పొరపాటని తోచలేదు, కస్టమర్ చెప్పాడు, కోశాను. ఫ్రేములో ఉన్న ప్రతి మనిషీ ఎవరో ఒకరికి కావలసినవాళ్ళేనని, చివరన నిలబడ్డవాళ్ళు ఇంకా ఎక్కువ కావలసినవాళ్ళయి ఉండొచ్చని షాపు మూసే వారంలో తెలిసింది. తెలివి ఆలస్యంగా వచ్చిందిగానీ రాకుండా పోలేదు.

ఇప్పుడు నేను కంకిపాడులో ఒక గుర్తింపు కార్డుల సెంటర్‌లో పనిచేస్తున్నాను. కుర్చీలో జనాన్ని కూర్చోబెట్టి ఫోటో తియ్యడమే పని. మంచంలోంచి లేపి తెచ్చేవాళ్ళనీ తెస్తారు. తర్వాత ఎప్పుడో ఇంట్లో ఇంకేమీ దొరక్క ఈ ఫోటోనే పెద్దది చేయించుకుంటారేమోనని నాకు ప్రతి మనిషి దగ్గరా గుర్తొస్తుంది. కూర్చోగానే అందరూ ఊపిరి బిగబట్టేస్తారు. మొదటిది తీస్తాను. "అయిపోయింది, లేవండి" అంటాను. హమ్మయ్య అనుకుని భుజాలు దించుతారు, పక్కనున్న మనవణ్ణి చూస్తారు, నా వంక చూసి నవ్వుతారు. అప్పుడు ఇంకోసారి నొక్కుతాను. కార్డుకి ఆ రెండోదే పంపుతాను.

మొన్న పునాదిపాడు నుంచి వచ్చిన ఒక ముసలావిడ పసిగట్టింది. "అయిపోయిందన్నావుగా, మళ్ళీ నొక్కుతావేందమ్మా?" అని నిలదీసింది.

"మొదటిది ఫోటో కోసం కూర్చున్నావిడది పెద్దమ్మా. ఇది మీది" అన్నాను.